రెండో నెల బరువు: ఒక మండలంలో క్షయ రోగుల పోషణ ప్రాజెక్టు డైరీ

2024 జూలై 6

విజయనగరం జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక మండలంలో క్షయ రోగులకూ వారి ఇంటిల్లిపాదికీ ఆహారం అందించే పనిని ఈ నెలలో మొదలుపెడుతున్నాం. మా బృందంలో ఐదుగురం ఉన్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన వైద్యుణ్ణి నేను. నాతోపాటు ఒక ఫార్మసిస్టు, ఒక పోషకాహార నిపుణురాలు, ఈ మండలంలోనే పుట్టి పెరిగిన ఇద్దరు యువకులు ఉన్నారు. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో నిక్షయ్ మిత్రలుగా, అంటే రోగులకు సాయం చేసే దాతలుగా నమోదయ్యాం కాబట్టి, రోగి ఒప్పుకుంటే అతని వివరాలు మాకు తెలుస్తాయి. మందులు, పరీక్షలు, వైద్య నిర్ణయాలు మాత్రం పూర్తిగా ఆరోగ్య కేంద్రానివే.

మమ్మల్ని ఈ పనికి పురికొల్పింది ఝార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన ఈ అధ్యయనం ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో వెలువడ్డాయి. నాలుగు జిల్లాల్లోని 28 టీబీ యూనిట్లలో 2,800 మంది రోగులనూ, వారితో ఒకే ఇంట్లో ఉండే 10,345 మందినీ అందులో చేర్చుకున్నారు. రోగులందరికీ ఆరు నెలల పాటు (మందులకు లొంగని క్షయ ఉన్నవారికి పన్నెండు నెలలు) నెలకు పది కిలోల ఆహార దినుసులు ఇచ్చారు. చీటీలు తీసినట్టుగా ఎంపిక చేసిన సగం యూనిట్లలో మాత్రం ఇంట్లోవారికి కూడా తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, రోజుకొక విటమిన్ మాత్ర అందించారు. అలా ఇంటందరికీ తిండి అందిన చోట కొత్తగా క్షయ బయటపడటం 39 శాతం తగ్గింది. కళ్లె పరీక్షలో నిర్ధారణ అయ్యే ఊపిరితిత్తుల క్షయనే లెక్కలోకి తీసుకుంటే తగ్గుదల 48 శాతం. దాదాపు 30 ఇళ్లకు, అంటే 111 మందికి, ఆరు నెలలు తిండి పెడితే ఒకరికి జబ్బు రాకుండా ఆపగలమని ఆ లెక్క చెబుతోంది.

రోగుల మీద వచ్చిన రెండో ఫలితం నన్ను మరింత కదిలించింది. చికిత్స మొదలైన రెండు నెలలకు బరువు ఐదు శాతం పెరిగినవారిలో మరణించే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఈ రెండు అంకెలూ ఒకే తూకానివి కావని మా బృందానికి మొదటి సమావేశంలోనే వివరించాను. మొదటిది, ఇంట్లోవారికి తిండి ఇచ్చిన యూనిట్లనూ ఇవ్వని యూనిట్లనూ పోల్చి తేల్చినది. రెండో దానిలో రోగులందరికీ ఆహారం అందింది కాబట్టి అది పోలిక మీద తేలిన ఫలితం కాదు. బరువు పెరిగినవారికీ పెరగనివారికీ మధ్య కనిపించిన తేడా మాత్రమే. జబ్బు బాగా ముదిరినవాడు తిన్నా బరువు పెరగకపోవచ్చు. అయినా, రెండో నెలలో బరువు పెరగని మనిషి ప్రమాదంలో ఉన్నాడని గుర్తించడానికి ఆ అంకె చాలు, మాకు కావలసింది కూడా అదే.

నా ఉద్యోగ కాలంలో ఎందరికో చీటీ మీద మాత్రల పేర్లు రాసి, కింద "మంచి ఆహారం తీసుకోవాలి" అని రాసి పంపాను. ఆ మంచి ఆహారం వారి ఇంటికి ఎక్కడి నుంచి వస్తుందని ఎన్నడూ అడగలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

2024 జూలై 19

పప్పు, బియ్యం కొనడానికి ముందు బరువు చూసే యంత్రాలను పరీక్షించాలని నిర్ణయించుకున్నాం. కారణం చిన్న లెక్క. మా దగ్గర పేరు నమోదైన మొదటి రోగి బరువు 38 కిలోలు. అందులో ఐదు శాతం అంటే 1.9 కిలోలు. యంత్రమే కిలోన్నర తప్పు చూపిస్తే ఆ మనిషి కోలుకుంటున్నాడో కుంగిపోతున్నాడో చెప్పలేం.

సంతలో ధాన్యం కొనే వ్యాపారి ఒకాయన, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల ఇనుప తూకపురాళ్లు రెండు మాకు ఒక వారం పాటు ఇచ్చారు. వాటిని ఆటోలో వేసుకుని ఆరు విలేజ్ క్లినిక్కులు తిరిగాం. రెండు రాళ్లనూ కలిపి పెడితే 40 కిలోలు చూపవలసిన చోట ఒక యంత్రం 41.3 చూపింది, ఇంకొకటి 38.6 చూపింది. ముల్లు ఉన్న పాత యంత్రం ఖాళీగా ఉన్నప్పుడే కిలో మీద నిలబడి ఉంది. అక్కడి ఆశా కార్యకర్త ఏమాత్రం దాచకుండా, "ముల్లు సున్నా మీదకి రాదండీ, మేమే మనసులో ఒక కిలో తీసేసి రాసుకుంటాం" అన్నారు. ఆమె నిజాయితీగా చేస్తున్న ఆ సవరణను ఆమె సెలవులో ఉన్న రోజు వచ్చిన మరొకరు చేస్తారన్న నమ్మకం లేదు. ఒకచోట యంత్రం మంచిదే అయినా నేల సమంగా లేదు. అదే యంత్రాన్ని వరండా గచ్చు మీదకి మార్చగానే సరిగ్గా 40 చూపింది.

బరువు తప్పితే దెబ్బతినేది మా లెక్క ఒక్కటే కాదు. పెద్దలకు క్షయ మాత్రలు బరువును బట్టి ఇస్తారు: 25 నుంచి 34 కిలోల వరకు రోజుకు రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. ఈ ప్రాంతపు రోగుల్లో చాలామంది సరిగ్గా ఆ 34, 35 కిలోల గీత దగ్గరే ఉంటారు. యంత్రం చూపిన ఒక కిలో తేడా రోజుకొక మాత్ర తేడా అవుతుంది.

రెండు యంత్రాలు కొత్తవి కొన్నాం. ప్రతి క్లినిక్కుకూ మందపాటి ప్లైవుడ్ చెక్క ఒకటి చేయించాం. యంత్రాన్ని ఎప్పుడూ దాని మీదే పెట్టాలి. ప్రతి నెలా మొదటి సోమవారం తూకపురాయి పెట్టి చూసి, ఆ అంకెను రిజిస్టరులో రాసిన తరువాతే రోగుల బరువు చూడాలని అనుకున్నాం. చెప్పులు, తలకు చుట్టిన తువ్వాలు, నడుముకు దోపిన ఫోను తీయించి, రెండుసార్లు నిలబెట్టి చూడాలి. ఎత్తు కొలవడానికి గోడకు టేపు అంటించాం.

2024 ఆగస్టు 3

కిట్టులో ఏమేమి ఉండాలన్న దాని మీద రెండు వారాలు గడిచాయి. ఝార్ఖండ్‌లో రోగికి నెలకు ఇచ్చిన పది కిలోల్లో ఐదు కిలోల బియ్యం, మూడు కిలోల సత్తు, కిలోన్నర పాలపొడి, అర లీటరు నూనె ఉన్నాయి. దీనివల్ల రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందుతాయి. సత్తు మన వైపు దొరకదు కాబట్టి దాని స్థానంలో చోళ్ల (రాగుల) పిండి వేద్దామని నేనే ప్రతిపాదించాను. చోడి అంబలి ఇక్కడి ఇళ్లలో అలవాటైన తిండి, పిండి చవక, ఊళ్లోనే దొరుకుతుంది. అందరూ ఒప్పుకున్నారు కూడా.

మా పోషకాహార నిపుణురాలు కాగితం మీద లెక్క వేసి చూపించేసరికి నా ప్రతిపాదనలోని లోపం అర్థమైంది. సత్తు అంటే వేయించిన శనగల పిండి. వంద గ్రాముల్లో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. వంద గ్రాముల చోళ్లలో ఉండేది ఏడు గ్రాములే. పేరుకు పిండి స్థానంలో పిండి వచ్చినా, రోజుకు 13 గ్రాములకు పైగా మాంసకృత్తులు కిట్టులోంచి జారిపోయేవి. ఝార్ఖండ్‌లో సత్తు మనకు పుట్నాల పొడే కదా అని ఆమె అన్నాక, ఇంత దగ్గరి వస్తువు నాకు తట్టనందుకు ఆశ్చర్యపోయాను. చోళ్లలో కాల్షియం మెండు, దాని విలువ దానికి ఉంది. అంబలి మానమని ఎవరికీ చెప్పం. కానీ ఒక అధ్యయనాన్ని మన ఊరికి తెచ్చుకునేటప్పుడు వస్తువు మారవచ్చు గాని, ఆ వస్తువు చేస్తున్న పని మారకూడదు.

పొదుపు సంఘం మహిళలు నలుగురు పుట్నాలను మరపట్టించి అరకిలో చొప్పున సంచుల్లో కట్టి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మూడు కిలోలూ ఒకే సంచిలో కడితే వానాకాలం చెమ్మకు పొడి ముక్కిపోతుంది, అందుకే చిన్న సంచులు. రోజుకు వంద గ్రాములు ఎంతో చూపడానికి ఒక స్టీలు గ్లాసును కొలతగా పెట్టుకుని, అందులో గోరుతో గీత గీసి చూపుతున్నారు. బెల్లం కలిపి ఉండ చేసుకోవచ్చు, మజ్జిగలో ఉప్పు వేసి కలుపుకుని తాగవచ్చు.

ఇంట్లోవారి విషయంలో డిపో బియ్యం ఉందని మరిచిపోకూడదు. చాలా ఇళ్లకు నెలనెలా బియ్యం వస్తున్నాయి. కొరత పప్పుకూ నూనెకూ. అయితే కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి పేరు, చిన్నపిల్లల పేర్లు రేషన్ కార్డులో ఎక్కని ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అందుకని కార్డులో పేరు ఉన్నవారికి కిలోన్నర కందిపప్పూ నూనే ఇస్తాం, పేరు లేనివారికి వాటితో పాటు ఐదు కిలోల బియ్యం కూడా ఇస్తాం. 2019 నాటి ధరల్లో ఆ అధ్యయనానికి రోగికి నెలకు సుమారు 13 డాలర్లు, ఇంట్లో ఒక్కొక్కరికి 4 డాలర్లు ఖర్చయింది. నేటి పప్పు ధరలకు మా ఖర్చు అంతకంటే ఎక్కువే పడుతోంది. దినుసులు మార్చాం కాబట్టి 39 శాతం అనే అంకెను మా కరపత్రంలో వేయకూడదని తీర్మానించాం. అది వారు ఇచ్చిన తిండికి వచ్చిన ఫలితం. మేము ఇచ్చే తిండికి ఏమి వస్తుందో మేమే చూసుకోవాలి.

2024 ఆగస్టు 24

మొదటి విడతలో 14 మంది రోగులు, వారి ఇళ్లలోని 51 మంది చేరారు. రోగుల్లో 11 మందికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 18.5 కంటే తక్కువగా, అంటే ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంది, వారిలో ఐదుగురికి 16 కూడా లేదు. ఝార్ఖండ్‌లోనూ రోగుల్లో ఐదింట నాలుగు వంతుల మందికి పైగా ఇలాగే ఉన్నారని చదివినప్పుడు అది అడవి జిల్లాల సంగతి అనుకున్నాను. కానీ ఇక్కడ రోడ్డు పక్క ఊళ్లలోనూ అదే పరిస్థితి.

కిట్టు ఇచ్చే ముందు ప్రతి రోగినీ ప్రమాద గుర్తులు రాసిన ఒక కార్డుతో పరీక్షిస్తున్నాం. క్షయ మరణాల్లో పెద్ద భాగం చికిత్స మొదలైన రెండు నెలల్లోపే జరుగుతుంది కాబట్టి, 2022లో తమిళనాడు ప్రభుత్వం జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ సహకారంతో క్షయ మరణాలు లేకుండా చేసే పథకాన్ని ప్రారంభించింది. అందులో ల్యాబు పరీక్షలేవీ అక్కర్లేకుండా ఆరోగ్య కార్యకర్తే చూడగలిగే గుర్తులను ఎంచుకున్నారు. బీఎంఐ 14 లేదా అంతకంటే తక్కువ ఉండటం, పాదాల్లో నీరు చేరి బీఎంఐ 16 లోపు ఉండటం, నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీసుకోవడం, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గడం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోగిని ఆసుపత్రిలో చేర్చాలి. ఒక్క కాగితంలో ఇమిడే ఆ పద్ధతినే మేమూ తీసుకున్నాం.

ఇటుక బట్టీలో పనిచేసే నలభై ఏళ్ల మనిషి ఒకాయన భార్య భుజం పట్టుకుని వచ్చారు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 31.5 కిలోలు, బీఎంఐ 12.3. చెక్క మీద నిలబెట్టడానికి ఇద్దరం చెరో పక్కా చేతులు అడ్డం పెట్టవలసి వచ్చింది. "ఆకలేస్తది బాబూ, రెండు ముద్దలు తినీసరికి ఆయాసమొచ్చీస్తది" అన్నారాయన. ఆసుపత్రిలో చేరాలంటే భార్య పక్కన ఉండాలి, ఉంటే ఆమె కూలి పోతుంది, పిల్లలిద్దరినీ ఎవరు చూస్తారన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. ఆటో ఖర్చూ, ఆసుపత్రిలో ఆమె భోజనం ఖర్చూ మేము భరించాం. పిల్లలను ఆమె ఆడపడుచు ఇంట్లో ఉంచారు.

ఇలాంటి మనిషికి మొదటి రోజే కిట్టు ఇచ్చి కడుపునిండా తినమనడం మంచిది కాదన్న విషయం మా యువకులిద్దరికీ ప్రత్యేకంగా చెప్పాను. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ పిండి పదార్థం అందితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే ఆసుపత్రిలో థయామిన్ (బి1 విటమిన్) ఇచ్చి, కొద్దికొద్దిగా మొదలుపెట్టి, రోజురోజుకూ పెంచుతారు.

2024 సెప్టెంబరు 17

రెండు ఇళ్లలో కిట్టు తీసుకోవడానికి నిరాకరించారు. ఒక ఇంట్లో అమ్మాయికి పెళ్లి సంబంధం చూస్తున్నారు. మా సంచి మీద టీబీ కార్యక్రమం గుర్తు ముద్రించి ఉంది, దాన్ని గుమ్మం ముందు దించితే వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. ఆ ముద్ర తీసేసి సాదా సంచులు తెప్పించాం. ఇంటికి తెచ్చి ఇవ్వాలా, క్లినిక్కులో మాత్రలతో పాటు తీసుకుంటారా, నమ్మకమైన బంధువు ఇంట్లో ఉంచాలా అని ముందే అడిగి, వారు చెప్పినట్టే చేస్తున్నాం. ఫోటోలు తీయడం పూర్తిగా ఆపేశాం. దాతల్లో ఒకరు ఫోటో లేకపోతే నమ్మకం ఎలా అని అడిగారు. బిల్లులూ, సంతకాలు ఉన్న పుస్తకమూ చూపించాం. అవి చాలకపోతే ఆ విరాళం మాకు అక్కర్లేదని మర్యాదగానే చెప్పాం.

2024 సెప్టెంబరు 21

మా రోగుల్లో ఒక పెద్దావిడ చికిత్స మొదలైన 23వ రోజు ఇంట్లోనే చనిపోయారు.

ఆమె మొదటి రోజు కార్డు తీసి చూశాను. బీఎంఐ 15.2, పాదాల్లో వాపు లేదు, ఆక్సిజన్ 95, తానుగా నిలబడ్డారు, ఊపిరి నిమిషానికి 18. ఆ లెక్కన ఆసుపత్రిలో చేర్చవలసిన గుర్తు ఒక్కటీ లేదు. కానీ ఆ 18 అంకె దగ్గర నా చూపు ఆగింది. మిగతా కార్డులన్నీ బల్ల మీద పరిచాను. 14 కార్డుల్లో 11 కార్డుల మీద ఊపిరి 18 అనే ఉంది.

పదకొండు మంది క్షయ రోగులు ఒకే లెక్కన ఊపిరి తీసుకోరు. మా బృందం గడియారం చూసి లెక్కపెట్టలేదు. మామూలుగా ఉన్నట్టు కనిపిస్తే 18 రాసేశారు. పెద్ద ఆసుపత్రుల కేసు షీట్లలో కూడా ఈ అలవాటు నేను ఎన్నోసార్లు చూశాను, కాబట్టి ముందే ఊహించి ఉండవలసింది నేనే. సరిగ్గా లెక్కపెట్టి ఉంటే ఆమె బతికేవారని చెప్పలేను. కానీ ఆమెకు దక్కవలసిన ఒక నిమిషం దక్కలేదని మాత్రం చెప్పగలను. ఆ సాయంత్రం ఆమె కొడుకును కలిసి ఈ మాటే ఆయనతో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, మిగతావాళ్లకైనా సరిగ్గా చూడండి సార్ అన్నారు.

మర్నాడు మిగిలిన 13 మందినీ మళ్లీ చూశాం. ఇప్పుడు ఒకరు ఫోనులో నిమిషం పెట్టి గంట మోగేదాకా ఛాతీ కదలికను లెక్కపెడతారు, మరొకరు వేరుగా లెక్కపెడతారు, రెండు అంకెలూ కార్డు మీద రాస్తారు. రోగి వచ్చి కూర్చున్న ఐదు నిమిషాల తరువాతే ఈ పని మొదలవుతుంది. ఈసారి వచ్చిన అంకెలు 16, 21, 22, 19, 26 ఇలా ఉన్నాయి. ఆ 26 వచ్చిన ఆయనను అదే రోజు ఆసుపత్రికి పంపాం.

2024 అక్టోబరు 26

రెండో నెల బరువులు పూర్తయ్యాయి. 13 మందిలో 12 మందిని, పరీక్షించిన యంత్రం మీద చూడగలిగాం. ఒకరు ఊళ్లో లేరు. ఎనిమిది మంది ఐదు శాతమో అంతకు మించో పెరిగారు. ముగ్గురు పెరిగారు గాని ఐదు శాతానికి చేరలేదు. ఒకరు తగ్గారు. ఇంత చిన్న సంఖ్యతో మేము ఏదీ నిరూపించలేం. మాకు ఉపయోగపడేది ఆ నలుగురి పేర్లు.

తగ్గిన ఆయనకు షుగరు ఉన్నట్టు ఇప్పుడు తేలింది. మొదట్లో చేయవలసిన రక్తపరీక్ష జరిగినట్టు కార్డులో గీత ఉంది, అంకె లేదు. ఆయన కిట్టులో బియ్యం తగ్గించి పుట్నాల పొడి, పప్పు పెంచాం. షుగరు మందులు ఆరోగ్య కేంద్రంలో మొదలయ్యాయి. పెరగని ముగ్గురిలో ఒకామె పాలపొడి అంతా మనవడికి కలిపి పట్టిస్తున్నారు. ఆమె చేసింది తప్పని నేను అనలేను. ఆ ఇంట్లో ఆ పిల్లవాడి పేరు రేషన్ కార్డులో లేదు, మా జాబితాలోనూ వయసు తక్కువని సగం కిట్టే రాశాం. రోగి తిండి రోగికే దక్కాలంటే పక్కన కూర్చున్నవారి కడుపు కూడా నిండాలన్నది ఆ అధ్యయనం రూపకల్పనలోనే ఉంది. మేము చిన్నపిల్లల దగ్గర పొదుపు చేయబోయి దాన్ని చెడగొట్టాం. ఇకనుంచి పిల్లలకూ పూర్తి కిట్టు. మిగతా ఇద్దరికీ మాత్రలు వేసుకోగానే వాంతులవుతున్నాయి. ఒకరికి కాలేయ పరీక్ష చేయించారు. ఇంకొకరు పరగడుపున మాత్రలు మింగి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా పనికి వెళ్తున్నారు.

ఇటుక బట్టీ కార్మికుడు పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఈరోజు ఆయన బరువు 35.8 కిలోలు. ఎవరూ పట్టుకోకుండానే చెక్క మీద నిలబడ్డారు. 35 దాటారు కాబట్టి రోజుకు రెండు మాత్రలు మూడయ్యాయి. జూలైలో చూసిన ఆ పాత యంత్రాల్లో ఒకదాని మీద అయితే ఈ గీత దాటినట్టు తెలిసేది కాదు.

2024 నవంబరు 15

నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద ఆహారం కోసం రోగికి నెలకు ఇచ్చే సొమ్ము 2018 నుంచి 500 రూపాయలుగా ఉండేది, ఈ నెల ఒకటో తేదీ నుంచి 1,000 రూపాయలైంది. మంచి వార్తే, అయితే డబ్బు చేరడం ఇంకో పని. మా రోగుల్లో నలుగురికి పాత బ్యాంకు ఖాతాకే ఆధార్ లింకు ఉండటంతో, ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలో సొమ్ము పడుతోంది. మా యువకుల్లో ఒకరు ప్రతి గురువారం వారిని బ్యాంకుకు తీసుకెళ్లి ఖాతాలు సరిచేయిస్తున్నారు.

2024 డిసెంబరు 14

మండల స్థాయి సమీక్షలో మా పని గురించి చెప్పే అవకాశం వచ్చింది. ఒక యువ వైద్యాధికారి మంచి ప్రశ్న వేశారు: మందులు సరిగ్గా పడితే తిండి ఎలా ఉన్నా క్షయ నయమవుతుందని మద్రాసు అధ్యయనం ఏనాడో తేల్చింది కదా, అయితే ఈ ఖర్చంతా ఎందుకు?

1959లో వెలువడిన ఆ అధ్యయనాన్ని మా తరం గౌరవంతో చదువుకుంది. శానటోరియంలో (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రిలో) మంచం మీద మంచి తిండి తింటూ మందులు వాడినవారూ, ఇంట్లో పేద తిండి తింటూ అవే మందులు వాడినవారూ దాదాపు ఒకేలా కోలుకున్నారని అది చూపింది. దానివల్లే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం లాంటి చోట మంచం దొరికేదాకా ఎదురుచూడవలసిన అవసరం తప్పి, లక్షలాది మందికి ఇంటి దగ్గరే చికిత్స అందింది. పరిశోధన జనానికి చేరడమంటే అంతకంటే గొప్ప ఉదాహరణ మన దేశంలో నాకు తెలియదు. అయితే అది జవాబు చెప్పిన ప్రశ్న, నయం కావడానికి శానటోరియం కావాలా అన్నది. 32 కిలోల మనిషి రెండో నెల దాకా బతుకుతాడా, అతని భార్యకు ఈ జబ్బు వస్తుందా అన్న ప్రశ్నలను అది వేసుకోలేదు. కాలక్రమంలో మనమే దాన్ని, తిండితో పనిలేదు అన్నంత దూరం లాక్కొచ్చాం. ఈ జవాబుతో ఆయన పూర్తిగా ఏకీభవించారో లేదో గాని, తన పరిధిలోని ముగ్గురు రోగుల కార్డులు తెచ్చి ఊపిరి లెక్క ఎలా చూస్తున్నామో అడిగారు.

2025 జనవరి 4

సంక్రాంతికి హైదరాబాదు, విజయవాడల నుంచి కూలీలు తిరిగి వస్తున్నారు. ఇంట్లోవారిని పరీక్షించడానికి ఏడాదిలో ఇదే అనువైన పక్షం. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీయించి, జబ్బు లేదని తేలినవారికి ఆరోగ్య కేంద్రం నివారణ మందులు మొదలుపెడుతోంది. ఇప్పటిదాకా చూసినవారిలో ఇద్దరికి క్షయ బయటపడింది. ఇద్దరూ ఇంకా నడిచి పనికి వెళ్తున్నవారే, బరువు పెద్దగా తగ్గలేదు. అక్టోబరులో ఊళ్లో లేకుండా పోయిన మా రోగి చెన్నైలో భవన నిర్మాణ పనిలో ఉన్నారని తెలిసింది. అక్కడి కేంద్రానికి ఆయన పేరు బదిలీ అయింది, మాత్రలు అందుతున్నాయి. కిట్టు మాత్రం అందలేదు. మనిషి వెంట తిండి కదలడానికి మా దగ్గర ఇంకా దారి లేదు.

2025 ఫిబ్రవరి 22

ఆరోగ్య కేంద్రం చికిత్స కార్డుల మీద రెండో నెల బరువు, శాతంలో తేడా రాసే గడిని రబ్బరు స్టాంపుతో ముద్రించడం మొదలుపెట్టింది. తూకపురాయి పరీక్షను మొదటి సోమవారం ఏఎన్‌ఎం స్వయంగా చేస్తున్నారు. ఇవి మేము లేకపోయినా సాగే పనులు. కిట్టులు మాత్రం సాగవు. మా దగ్గర ఉన్న సొమ్ము ఏప్రిల్ దాకా సరిపోతుంది, ఆ తరువాత పప్పు ఎవరు కొంటారన్నది ఇంకా తేలలేదు. పొదుపు సంఘం మహిళలు పుట్నాల పొడిని సంతలో అమ్మి, మిగిలిన దానిలో కొంత ఇటు మళ్లిస్తామంటున్నారు. రేపు వారితో లెక్కలు చూసుకోవాలి.

ఇటుక బట్టీ కార్మికునికి నిన్నటితో ఆరు నెలల చికిత్స పూర్తయింది. కళ్లె పరీక్షలో క్రిమి లేదు. బరువు చూడటానికి వచ్చి, మా యువకుడు తూకపురాయిని రెండు చేతులతో తెస్తుంటే, "ఇలా తే బాబూ" అని అందుకుని, తానే వంగి యంత్రం మీద పెట్టారు. సరిగ్గా ఇరవై చూపింది. రాయి దించి తాను ఎక్కారు: 40.2. దిగుతూ, తన కిట్టు ఆగిపోయినా ఫరవాలేదు గాని పిల్లలిద్దరికీ పప్పు ఎన్నాళ్లు వస్తుందని అడిగారు. ఏప్రిల్ వరకు అని చీటీ మీద రాసి ఇచ్చాను.